గళ్ల కుట్టు నేర్చుకుందాం, చిట్టి తలను వెచ్చగా ఉంచుదాం



ఈసారి మందుల గురించి కాక ఒక అల్లిక గురించి రాస్తున్నాము. ఆరోగ్య పత్రికలో క్రోషియా సూదికి ఏం పని అని మీరు అడగవచ్చు. మా ప్రసూతి వార్డులో దానికి చాలా పని ఉంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు మొదటి రోజుల్లో పాలు ఎంత అవసరమో వెచ్చదనం కూడా అంతే అవసరం. ఆ వెచ్చదనంలో కొంత భాగం తల మీద టోపీ వల్ల వస్తుంది. ఆ టోపీని ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో, పెద్దమ్మో అల్లి తేగలరు. అందుకు తగిన కుట్టు ఒకటి ఈ సంచికలో నేర్పుతున్నాము. గొలుసు కుట్టు, నిలువు కుట్టు వచ్చినవారందరూ దీన్ని ఒక్క మధ్యాహ్నంలో పట్టుకోగలరు.

సూది మన ఊళ్లకు వచ్చిన దారి

గోదావరి జిల్లాల వారికి ఈ సూది కొత్త కాదు. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుండి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు నరసాపురం ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. క్రైస్తవ కుటుంబాల్లో మొదలైన ఆ పని తరువాత అన్ని కులాల ఇళ్లకూ, చుట్టుపక్కల గ్రామాలకూ పాకింది. అక్కడ అల్లిన బల్లగుడ్డలు, దిండు గలీబులు విదేశాలకు వెళ్లాయి. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆ లేసు వెనుక ఉన్న కష్టమూ చెప్పుకోవాలి. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద ఒక పుస్తకం ప్రచురించారు. రోజూ గంటల తరబడి అల్లే స్త్రీలను పనివారుగా లెక్కించక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగానే చూశారని, అందుకే వారికి దక్కిన కూలి అంత తక్కువని ఆమె వివరించారు. లేసు అల్లిన పెద్దవారు మా ఓపీకి వచ్చి మెడ నొప్పి, కళ్ల మంట అని చెప్పినప్పుడల్లా ఈ సంగతి గుర్తుకు వస్తుంది. అందుకే ఈ వ్యాసంలో బిడ్డ గురించి ఎంత చెబుతామో, అల్లే చేతుల గురించి, కళ్ల గురించి కూడా అంత చెబుతాము.

చిట్టి తలకు టోపీ ఎందుకు?

అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటి వేడి 36.5 నుండి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మనకు చలి వేస్తే వణుకుతాం, ఆ వణుకుతో ఒళ్లు వేడెక్కుతుంది. పసిబిడ్డకు అలా వణకడం రాదు. భుజాల మధ్య, వెన్ను దగ్గర ఉండే ఒక రకం కొవ్వును కరిగించుకుని వేడి పుట్టించుకుంటుంది. నెలలు నిండని బిడ్డలో ఆ కొవ్వు చాలా తక్కువ. పైగా పసిబిడ్డ ఒంటిలో తల వాటా పెద్దది. చర్మం మొత్తంలో దాదాపు ఐదో వంతు తల మీదే ఉంటుంది. తల తడిగా, బట్ట లేకుండా ఉంటే వేడి అటునుంచే పోతుంది.

ఒళ్లు చల్లబడిన బిడ్డ ముందు పాలు తాగడం తగ్గిస్తుంది. తరువాత మగతగా పడుకుంటుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది. ఊపిరి కూడా ఇబ్బంది అవుతుంది. 2,500 గ్రాముల లోపు పుట్టిన ప్రతి బిడ్డ విషయంలో మేము మొదట వేడి చూసేది ఇందుకే.

లేసు టోపీ కాక గళ్ల టోపీ ఎందుకు?

ఒక చలికాలంలో డెల్టా గ్రామం నుండి వచ్చిన ఒక అమ్మమ్మగారు మనవరాలికి తెల్లటి లేసు టోపీ అల్లి తెచ్చారు. ఏళ్ల తరబడి లేసు చేసిన చెయ్యి. పువ్వుకూ పువ్వుకూ మధ్య అతుకు ఎక్కడుందో వెతికినా కనిపించలేదు. బిడ్డ బరువు 1,900 గ్రాములు. మా సిస్టరు ఆ టోపీని కళ్లకద్దుకుని పక్కన పెట్టి, వార్డు టోపీ తొడిగింది. అమ్మమ్మగారు చిన్నబుచ్చుకుని, "నా టోపీకి ఏం తక్కువైందమ్మా?" అన్నారు. "అందానికి ఏం తక్కువ కాలేదండీ అమ్మమ్మగారూ, చిల్లులే ఎక్కువయ్యాయి" అంది సిస్టరు.

మాట నిజమే. లేసు అందమంతా చిల్లుల్లో ఉంది. బిడ్డ వెచ్చదనం చిల్లుల్లోంచే పోతుంది. పైగా పసిబిడ్డ చెయ్యి తల వైపు వెళ్లినప్పుడు చిట్టి వేలు ఆ చిల్లులో చిక్కుకోవచ్చు. దారం వేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచి నల్లబడే ప్రమాదం ఉంది.

గళ్ల కుట్టు ఇందుకు భిన్నం. నమూనా పుస్తకాల్లో దీన్ని వాఫిల్ కుట్టు అంటారు. నిలువు గట్లు, అడ్డు గట్లు పైకి ఉబికి, మధ్యలో చిన్న చిన్న గళ్లు గుంటలుగా ఏర్పడతాయి. ఆ గుంటల అడుగున చిల్లు ఉండదు, అల్లికే ఉంటుంది. గుంటల్లో, గట్ల మధ్య గాలి నిలుస్తుంది. కదలని గాలి వేడిని బయటకు పోనివ్వదు. దుప్పటి వెచ్చగా ఉండేదీ ఇందుకే. ఆ అమ్మమ్మగారే రెండు రోజుల్లో ఈ కుట్టు నేర్చుకుని, "ఇన్నాళ్లూ గాలి పోయేలా అల్లాను, ఇప్పుడు గాలి ఆగేలా అల్లుతున్నాను" అన్నారు. ఇంతకంటే బాగా మేము కూడా చెప్పలేము.

కావలసినవి

మెత్తటి నూలు దారం. లేసుకు వాడే సన్న దారం కాదు, దానికంటే చాలా లావుది. దుకాణంలో మిల్క్ కాటన్ అని అడిగినా ఇస్తారు, అందులో నూలుతో పాటు వేరే పోగు కూడా కలిసి ఉంటుంది. మామూలు ఊలు పేరుతో అమ్మే అక్రిలిక్ దారం చెమట పీల్చదు, మన వాతావరణానికి పసిబిడ్డకు నూలే మేలు. రంగు లేతగా ఉంటే కుట్టు బాగా కనిపిస్తుంది, మురికి కూడా కనిపిస్తుంది.

4 మిల్లీమీటర్ల క్రోషియా సూది. లేసు సూది దీనికి పనికిరాదు.

కత్తెర, దారపు కొసలు దాచడానికి పెద్ద కన్ను గల మొద్దు సూది, టేపు.

ముందుగా వచ్చి ఉండవలసినవి

గొలుసు ఒకే వదులుతో వేయడం, నిలువు కుట్టు వేయడం, వరుస చివర కుట్లు లెక్కపెట్టుకోవడం. ఈ మూడూ వస్తే చాలు.

నిలువు కుట్టు అని మేము దేన్ని అంటున్నామో చెబుతాము. సూదికి దారం ఒకసారి చుట్టి, కింది కుట్టులో గుచ్చి, దారం లాగితే సూది మీద 3 లూపులు ఉంటాయి. దారం పట్టి 2 లూపుల్లోంచి లాగాలి. మళ్లీ దారం పట్టి మిగిలిన 2 లూపుల్లోంచి లాగాలి. అమెరికా పుస్తకాలు దీన్ని డబుల్ అంటాయి, ఇంగ్లండు పుస్తకాలు ఇదే కుట్టును ట్రెబుల్ అంటాయి. పేరు చూసి కంగారు పడవద్దు, చేతి పని ఒకటే.

ఇందులో కొత్త సంగతి ఒక్కటే: కాడ కుట్టు

ప్రతి నిలువు కుట్టుకూ ఒక తల, ఒక కాడ ఉంటాయి. పైన జడలా కనిపించేది తల. దాని కింద నిలువుగా నిలబడినది కాడ. ఇంతవరకు మీరు సూదిని తలలోనే గుచ్చారు. ఇప్పుడు సూదిని కాడ చుట్టూ తిప్పాలి.

సూదికి దారం చుట్టండి. కింది వరుసలోని కాడకు కుడి పక్కన, మీ వైపు నుండి సూదిని వెనక్కి పోనివ్వండి. కాడ వెనుకగా నడిపించి, ఎడమ పక్కన మళ్లీ మీ వైపుకు రానివ్వండి. ఇప్పుడు కాడ సూది మీద వాలి ఉంటుంది. దారం పట్టుకుని అదే దారిన వెనక్కి లాగండి. సూది మీద 3 లూపులు ఉంటాయి. వచ్చిన లూపును కొంచెం పైకి సాగదీసి, తక్కినది మామూలు నిలువు కుట్టులాగే రెండేసి లూపులుగా ముగించండి. ఎడమ చేతివాటం గలవారు కుడి, ఎడమలు మార్చుకోండి.

ఇలా వేసిన కుట్టు మీ వైపు ఉబికి వస్తుంది. దాని వెనుక కింది వరుస కుట్టు తల ఒకటి ఖాళీగా మిగిలిపోతుంది. ఆ తలను వదిలివేయాలి. దాని పని కాడ కుట్టు చేసేసింది.

నమూనా ముక్క

నేరుగా టోపీ మొదలుపెట్టకుండా ముందు అరచేతంత ముక్క అల్లండి. ఇది వృథా కాదు, టోపీ కొలత దీని నుండే వస్తుంది.

వదులుగా 23 గొలుసులు వేయండి. 3తో భాగించగల సంఖ్యకు 2 కలిపితే ఏ వెడల్పుకైనా లెక్క సరిపోతుంది.

మొదటి వరుస: సూది నుండి 4వ గొలుసులో ఒక నిలువు కుట్టు, తరువాత ప్రతి గొలుసులో ఒకటి. వదిలిన 3 గొలుసులను ఒక కుట్టుగా లెక్కిస్తే మొత్తం 21 కుట్లు.

రెండో వరుస: అల్లిక తిప్పి 2 గొలుసులు వేయండి. ఇది అంచు కుట్టుగా లెక్క. పక్క కుట్టుకు కాడ కుట్టు. తరువాతి రెండింటికి తలల్లో నిలువు కుట్లు. మళ్లీ ఒక కాడ కుట్టు, రెండు నిలువు కుట్లు. ఇలాగే వెళ్తే చివర కాడ కుట్టు వస్తుంది, దాని తరువాత అంచు మీద ఒక నిలువు కుట్టు. ఈ వరుసలో 7 కాడ కుట్లు ఉండాలి, మొత్తం 21 ఉండాలి.

మూడో వరుస: తిప్పి 2 గొలుసులు. ఇప్పుడు వెనుక వైపు మీకు ఎదురుగా ఉంది. కింది వరుసలో ముందుకు ఉబికిన కాడ కుట్లు ఇటునుంచి చూస్తే లోపలికి దిగినట్టు కనిపిస్తాయి. దిగిన ఆ ఒక్కదానికి తలలో నిలువు కుట్టు. నిలిచి ఉన్న పక్క రెండింటికి చెరొక కాడ కుట్టు. ఇలాగే చివరిదాకా వెళ్లి, చివరి ఒంటి కుట్టుకు తలలో, అంచుకు ఒక నిలువు కుట్టు.

నాలుగో వరుస రెండో వరుసలాగా, ఐదోది మూడో వరుసలాగా. ఇలా మార్చి మార్చి 10 వరుసలు అల్లండి. నాలుగో వరుస దాటేదాకా గళ్లు కనిపించవు. రెండు వరుసలకే విడదీయకండి.

వరుస సంఖ్య మరిచిపోతే ఏం చేయాలని మా వార్డులో నేర్చుకునేవారు తరచు అడుగుతారు. సంఖ్య గుర్తుంచుకోనక్కరలేదు. అల్లికను చూస్తే అదే చెబుతుంది. అంచులు తప్ప, ప్రతి వరుసలోనూ సూత్రం ఒక్కటే: దిగిన కుట్టుకు తల, నిలిచిన కుట్టుకు కాడ. బిడ్డ ఏడ్చిందని లేచి, గంట తరువాత వచ్చి సూది పట్టినా ఈ సూత్రం ఒక్కటి చాలు. తల్లులకు, రోగి దగ్గర కూర్చున్నవారికి ఈ కుట్టు తగినదని మేము అనడానికి ఇది ముఖ్య కారణం.

తేడా వస్తే ఇలా చూసుకోండి

కుట్లు 21 కంటే పెరుగుతున్నాయంటే, కాడ కుట్టు వెనుక దాగిన తలలో కూడా కుట్టు వేస్తున్నారన్నమాట.

కుట్లు తగ్గుతున్నాయంటే, చాలాసార్లు చివరి అంచు కుట్టు తప్పిపోయి ఉంటుంది. తిప్పేటప్పుడు వేసిన 2 గొలుసుల పైన సూది గుచ్చడం మరిచిపోతారు. అక్కడ ఒక రంగు దారం ముక్క గుర్తుగా కట్టుకోండి.

అల్లిక బిగుసుకుపోయి అట్టలాగా ఉంటే, కాడ చుట్టూ తిప్పి తెచ్చిన లూపును సరిపడా సాగదీయడం లేదు. అప్పటికీ బిగువు తగ్గకపోతే అరమిల్లీమీటరు పెద్ద సూది తీసుకోండి.

నిలువు గట్లు వచ్చి అడ్డు గట్లు రాకపోతే, మూడో వరుస పద్ధతి తప్పింది. అక్కడిదాకా విప్పి మళ్లీ అల్లండి. విప్పిన దారం పాడవదు.

టోపీగా మలచడం

నమూనా ముక్క వెడల్పు టేపుతో కొలవండి. ఉదాహరణకు 21 కుట్లు 10.5 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. అంటే సెంటీమీటరుకు 2 కుట్లు. రెండు కిలోల బిడ్డకు టోపీ చుట్టుకొలత సుమారు 30 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. అప్పుడు 60 కుట్లు కావాలి, 62 గొలుసులతో మొదలుపెట్టాలి. నెలలు నిండిన మూడు కిలోల బిడ్డకు 33 సెంటీమీటర్లు, అంటే 66 కుట్లు, 68 గొలుసులు. మీ చేతి బిగువు వేరైతే ఈ అంకెలు మారతాయి. లెక్క మాత్రం ఇదే.

మొదటి గొలుసు వరుస నుదుటి మీదికి వస్తుంది. అది బిగుతుగా ఉంటే నుదుటి మీద గీత పడుతుంది. వదులుగా వేయండి. గళ్ల కుట్టులో సుమారు 14 సెంటీమీటర్ల ఎత్తు అల్లాక, చివరి వరుసలో రెండేసి కుట్లను ఒక్కటి చేయండి. ఒక నిలువు కుట్టును సగం వేస్తే సూది మీద 2 లూపులు ఉంటాయి. పక్క కుట్టులో ఇంకొకటి సగం వేస్తే 3 లూపులు అవుతాయి. దారం పట్టి మూడింటిలోంచీ ఒకేసారి లాగండి. ఇలా చేస్తే కుట్లు సగానికి తగ్గి, నడినెత్తిన ముద్దలా పోగుపడకుండా ఉంటుంది.

దారం ఒక మూర వదిలి తెంపండి. మొద్దు సూదితో పై కుట్ల తలలన్నిటిలోంచి దారం పోనిచ్చి, సంచి మూతి బిగించినట్టు లాగి, రెండుసార్లు ముడి వేయండి. తరువాత రెండు పక్కల అంచులను ఒకదానికొకటి ఆనించి, పైకి లేవకుండా కుట్టండి. గళ్లు ఉబికిన వైపు బయటకు, చదునైన వైపు బిడ్డ చర్మానికి ఉండాలి.

దారపు కొసలను అల్లికలో అటు ఒకసారి, ఇటు ఒకసారి నడిపి దాచండి. లోపల ఒక్క పోగు కూడా వేలాడకూడదు. రిబ్బను, గుండీ, పూస, ఊలు బంతి ఏదీ వద్దు. గడ్డం కింద కట్టే తాడు అసలే వద్దు. పసిబిడ్డకు అవి అలంకారం కాదు, ప్రమాదం.

ఉతకడం, దాచడం

కొత్త టోపీ దుకాణపు దుమ్ము, అల్లిన చేతుల చెమట పట్టి ఉంటుంది. వాడే ముందు వేడినీళ్లలో మామూలు సబ్బుతో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేలా జాడించి, మంచి ఎండలో ఆరవేయండి. గళ్ల కుట్టు మందం గనుక ఆరడానికి ఎక్కువ సేపు పడుతుంది. బయటికి పొడిగా ఉన్నా గుంటల్లో తడి ఉండవచ్చు, వేలితో నొక్కి చూడండి. తడి టోపీ బిడ్డను చల్లబరుస్తుంది. కనీసం మూడు టోపీలు ఉంటే ఒకటి తల మీద, ఒకటి తీగ మీద, ఒకటి సిద్ధంగా ఉంటుంది.

ఈ మాట ప్రత్యేకంగా గమనించండి. బిడ్డ బట్టల మధ్య కలరా ఉండలు పెట్టవద్దు. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే జి6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అటువంటి బిడ్డకు ఆ ఉండల ఆవిరి తగిలితే రక్తకణాలు విరిగిపోయి తీవ్రమైన పచ్చకామెర్లు రావచ్చు. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో చూసి చెప్పలేము. అన్న బట్టలు చెల్లికి దాచేటప్పుడు కూడా ఎండిన వేపాకు గుడ్డలో మూట కట్టి పెట్టుకోండి, కలరా ఉండలు వద్దు. అప్పటికే ఆ వాసన పట్టిన బట్టలు ఉంటే బిడ్డకు తొడగవద్దు.

టోపీ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి

టోపీ సహాయం మాత్రమే. బిడ్డకు అసలైన వెచ్చదనం తల్లి ఎద మీదే ఉంది. బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటా మాత్రమే ఉంచి, తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన బట్ట కట్టే పద్ధతిని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలని ఆస్పత్రిలో ఇది మొదలైంది. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలందరికీ పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెట్టి, రోజుకు 8 నుండి 24 గంటల వరకు ఎంత వీలైతే అంత ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. తల్లికి ఓపిక లేనప్పుడు తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ఇవ్వవచ్చు. నాన్నలూ, సిగ్గుపడకండి.

పుట్టిన బిడ్డను వెంటనే తుడిచి ఆరబెట్టాలి. మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగాలి. బరువు తక్కువ బిడ్డకు డాక్టరు చెప్పేదాకా స్నానం వద్దు. వేడి కోసం సాంబ్రాణి పొగ వేయవద్దు, పొగ చిన్న ఊపిరితిత్తులకు హాని. వేడినీళ్ల సీసా పక్కలో పెట్టవద్దు, లేత చర్మం కాలుతుంది.

మీ చేతి వెనుక భాగంతో బిడ్డ పొట్టను, పాదాలను తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ బాగుంది. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి మొదలైంది, వెంటనే ఎద మీదికి తీసుకుని కప్పండి. రెండూ చల్లగా ఉంటే అది ప్రమాదం. బిడ్డను ఎదకు హత్తుకునే ఆస్పత్రికి రండి. పాలు పట్టకపోయినా, మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

వేడి ఎక్కువైనా బిడ్డకు మంచిది కాదు. మెడ వెనుక చెమట పట్టినా, ముఖం ఎర్రబడినా టోపీ తీసేయండి. బిడ్డ ఎదిగి బరువు పుంజుకున్నాక, మన మే నెల ఎండల్లో ఇంట్లో టోపీ అక్కరలేదు. నిద్రలో టోపీ జారి ముక్కు మీదికి రావచ్చు గనుక ఎవరూ చూడనప్పుడు టోపీతో పడుకోబెట్టవద్దు. బరువు తక్కువ బిడ్డకు ఎంతకాలం పెట్టాలో ఇంటికి పంపేటప్పుడు మా సిస్టర్లు చెబుతారు.

అల్లే అమ్మలకు

నలభై దాటాక దగ్గరి చూపు మందగించడం సహజం. దాన్నే చత్వారం అంటాం. సూదిని దూరంగా పట్టుకుంటే తప్ప కుట్టు కనిపించడం లేదంటే కళ్లు పరీక్ష చేయించుకుని అద్దాలు పెట్టుకోండి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన అల్లండి.

అరగంటకొకసారి సూది కింద పెట్టి లేచి నడవండి. మెడను మెల్లగా రెండు వైపులకూ తిప్పండి, వేళ్లు చాపి ముడవండి. మోచేతుల కింద దిండు పెట్టుకుంటే భుజాలకు భారం తగ్గుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, రాత్రిళ్లు ఎక్కువై నిద్ర లేపుతుంటే అది మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిన లక్షణం కావచ్చు. గర్భిణులలో, మధుమేహం లేదా థైరాయిడ్ సమస్య ఉన్నవారిలో ఇది ఎక్కువ. అమృతాంజనం రాసుకుని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

వార్డులో అల్లేవారు అల్లికను శుభ్రమైన గుడ్డసంచిలో ఉంచండి. రోగి మంచం మీద, నేల మీద పెట్టవద్దు. సూది పట్టే ముందు చేతులు కడుక్కోండి.

సంఘ స్త్రీలకు ఒక మనవి

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో యొప్పేలోని దొర్కాను గురించి చదువుతాము. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె గొప్ప మాటలను చూపించలేదు, ఆమె కుట్టి ఇచ్చిన బట్టలను చూపించారు. మీ స్త్రీల కూటమిలో ప్రార్థన ముగిశాక ఒక అరగంట ఈ కుట్టు కలిసి నేర్చుకోండి. లేసు వచ్చిన పెద్దవారు చిన్నవారికి నేర్పండి. అల్లిన టోపీలను ఉతికి, ఎండలో ఆరవేసి, శుభ్రమైన సంచిలో ప్రసూతి వార్డు సిస్టరుకు అందించండి. లోపల వేలాడే పోగులు లేవని చూసి, మరోసారి ఉతికి మేము వాడతాము. కొలత కొంచెం అటు ఇటు అయినా ఫరవాలేదు, వార్డులో అన్ని కొలతల తలలూ ఉంటాయి.

వార్డుకు మీరు పంపిన టోపీ ఏ బిడ్డ తలకు చేరిందో మీకు తెలియకపోవచ్చు. ఆ తల్లికి మీ పేరూ తెలియదు. బిడ్డ పాదాలు వెచ్చబడి, మళ్లీ పాలు పట్టడం మొదలుపెట్టిందని మాత్రం మాకు తెలుస్తుంది. ప్రభువు మీ చేతుల పనిని దీవించును గాక.

నర్సింగ్ విభాగము తరఫున,
నర్సింగ్ సూపరింటెండెంట్